అమ్మ ముఖానికి ఆకుపచ్చ వేస్తే తప్పా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది తాడిపత్రి. పెళ్లయి బెంగళూరు వచ్చి పద్దెనిమిదేళ్లు, మారతహళ్లి దగ్గర ఉంటున్నాం. నాకు 43 ఏళ్లు. ఉద్యోగం మానేశాక రెండేళ్లుగా మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో శనివారాలు పెయింటింగ్ క్లాసుకు పోతున్నాను. మాస్టారు ఎక్స్‌ప్రెషనిజం నేర్పిస్తారు. "లోపల ఉన్నది వదిలెయ్, చెయ్యి ఎటు పోతే అటు పోనీ" అంటారు. నేను వదిలితే కాన్వాసంతా బురద రంగు తేలుతుంది. ఎనిమిది నెలల కిందట మా అమ్మ పోయింది. మొన్న ఆమె బొమ్మ వేశాను. ముఖం ఆకుపచ్చ, చీర నీలం. ఎందుకలా వేశానో నాకే తెలీదు. హాల్లో తగిలిస్తే మా ఆడబిడ్డ చూసి "ఏంది వదినా, మీ అమ్మ దయ్యం మాదిరి ఉంది" అనేసింది. మా ఆయన ఏమీ అనలేదు, కానీ మర్నాటికి పటం బెడ్‌రూములో ఉంది. ఆసుపత్రిలో చివరి పది రోజులు అమ్మ మంచం పక్కనున్న కర్టెన్ ఇప్పటికీ కళ్ల ముందు నుంచి పోవడం లేదు, అందుకే మనసు నిలవదేమో. నాకంటూ ఒక తీరు లేదా? నా బొమ్మల్లో నేను కనిపించనా? ఐదు ఫోటోలు పంపిస్తున్నాను. జనవరిలో చిత్రసంతెకు పెట్టమంటున్నారు మాస్టారు. పెట్టనా?

సమాధానం: చూడమ్మా, జవాబు చెప్పే ముందు నేనొకటి అడుగుతాను. ఆ కర్టెన్ ఏ రంగు?

ఉత్తరంలో ముఖం రంగు రాశారు, చీర రంగు రాశారు, బురద రంగు కూడా రాశారు. కర్టెన్ రంగు మాత్రం రాయలేదు. పందెం కాస్తాను, అది ఆకుపచ్చే. పది రోజులు ఆ గుడ్డలోంచి వడగట్టి వచ్చిన వెలుతురే మీ అమ్మ చెంప మీద పడింది. మీరు చూసిందే వేశారు. "నాకే తెలీదు" అన్నారు గానీ మీ చేతికి తెలుసు. ఒకవేళ కర్టెన్ నీలమని తేలితే పందెం నేను ఓడిపోయినట్టే, అప్పుడు చీర లెక్క తేలుతుంది.

కాబట్టి ఆకుపచ్చ వేయడం తప్పు కాదు. అలాగని మీ ఆడబిడ్డను తీసిపారేయకండి, ఆమె మాటలోనూ కొంత పాయింటుంది. ఆమెకు దయ్యం కనిపించింది ఆకుపచ్చ వల్ల కాదు గానీ, మీరు దాన్ని కలిపిన తీరు వల్ల. అక్కడికి తర్వాత వస్తాను.

మాటల్లో ఈ పని మనం రోజూ చేస్తూనే ఉంటాం. "ఆ కబురు వినగానే ఆమె ముఖం నల్లబడింది" అంటాం. "లెక్క అడిగితే తెల్లముఖం వేశాడు" అంటాం. వాడు చామనఛాయ మనిషి, ఆ తెలుపు ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరూ అడగరు. కోపమొచ్చినవాడు ఎర్రబడతాడు, బాగా బతికేవాళ్ల సంసారం పచ్చగా ఉంటుంది. మాటలో ఒప్పుకున్నదాన్నే కాన్వాసు మీద చూస్తే "ఇదేంటి" అంటాం. మీ ఇంట్లో పూజగది ఉంటే అందులో రాముడు నీలంగానే ఉండుంటాడు. కథకళిలో నలుడికి, ధర్మరాజుకి వేసేది పచ్చ వేషమే. ముఖమంతా ఆకుపచ్చ పూసుకుని వచ్చిన నలుణ్ణి చూసి దయ్యమని లేచిపోయినవాళ్లు లేరు. ఈసారి మీ ఆడబిడ్డ వస్తే ఇదంతా చెప్పకండి, కాఫీ ఇవ్వండి చాలు.

1905 జూన్‌లో జర్మనీలో, డ్రెస్డెన్ అనే ఊళ్లో నలుగురు కుర్రాళ్లు ఒక గుంపు కట్టారు. ఆర్కిటెక్చర్ చదివే పిల్లలు, వాళ్లలో కిర్క్‌నర్, హెకెల్ తర్వాత పెద్ద పేర్లయ్యాయి. గుంపు పేరు 'బ్రూకె', అంటే వంతెన. ఆరేళ్ల తర్వాత మ్యూనిక్‌లో కాండిన్‌స్కీ, ఫ్రాంజ్ మార్క్ 'నీలి రౌతు' పేరుతో ఇంకో గుంపు పెట్టారు. వస్తువు రంగు వస్తువుది, బొమ్మలో వేసే రంగు వేసేవాడి మనసుది అనేది వాళ్లందరి పట్టుదల. మీ మాస్టారు నేర్పే ఎక్స్‌ప్రెషనిజం అంటే అదే. మార్క్ 1911లో పసుపు ఆవు వేశాడు, నీలి గుర్రాలు వేశాడు. ఆ గుర్రాలు గడ్డి మేసేవి కావని చూడగానే తెలుస్తుంది.

ఇక్కడొక హెచ్చరిక. ఫోన్లో తిరిగే చార్టులు మీకూ వచ్చే ఉంటాయి: ఎరుపంటే కోపం, నీలమంటే దుఃఖం, పసుపంటే సంతోషం. వాటిని నమ్మకండి. మన నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో రసాలకు రంగులు చెప్పారు. రౌద్రానికి ఎరుపు, భయానకానికి నలుపు, హాస్యానికి తెలుపు. దుఃఖానికి, అంటే కరుణరసానికి, పావురం బూడిద రంగు. నీలం ఇచ్చింది బీభత్సానికి. అదే నీలాన్ని ఫ్రాంజ్ మార్క్ 1910 చివర్లో స్నేహితుడికి రాసిన ఉత్తరంలో ఆధ్యాత్మికమైన రంగన్నాడు, పసుపు సౌమ్యమైన స్త్రీ స్వభావమన్నాడు. ఇద్దరిలో ఎవరు కరెక్టు? ఇద్దరూ వాళ్ల వాళ్ల లెక్కలో కరెక్టే. రంగుకు నిఘంటువు లేదమ్మా. మీ ఆకుపచ్చకు అర్థం ఆ కర్టెన్ పక్కన కుర్చీలో కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది.

ఇక మీ మాస్టారి మాట. "వదిలెయ్" అనడం మొదటి ఆరునెలలకు మంచి మందే. పెన్సిల్ పట్టుకోగానే బిగుసుకుపోయే చేతులు వదులవుతాయి. రెండేళ్ల తర్వాత కూడా అదే మందు వేస్తుంటే వికటిస్తుంది. ఎక్స్‌ప్రెషనిస్టులు కళ్లు మూసుకుని రంగులు చల్లినవాళ్లని చాలామంది అనుకుంటారు. ఎడ్వర్డ్ మూంక్ సంగతి చూడండి. ఆ 'అరుపు' బొమ్మ ఆయనదే, వంతెన మీద చెవులు మూసుకున్న మనిషి, వెనక ఎర్రని ఆకాశం, మీరు చూసే ఉంటారు. నేను చెప్పేది దాని గురించి కాదు.

మూంక్‌కు ఐదేళ్లప్పుడు తల్లి క్షయతో పోయింది. పదమూడేళ్లప్పుడు అక్క సోఫీ అదే జబ్బుతో పోయింది, ఆ పిల్లకు 15 ఏళ్లు. అది 1877. ఆ అక్కను తలచుకుని ఆయన బొమ్మ మొదలుపెట్టింది 1885లో, అంటే ఎనిమిదేళ్ల తర్వాత. దిండుకు ఆనుకుని కూర్చున్న ఎర్రజుట్టు పిల్ల, పక్కన తల వంచుకున్న ఒక స్త్రీ, అంతే బొమ్మ. దాన్ని ఎన్నిసార్లు వేశాడో, ఎన్నిసార్లు గీకేశాడో లెక్క లేదు. దగ్గర్నుంచి తీసిన ఫోటోల్లో ఆ గీకుళ్లు కనిపిస్తాయి, తడి రంగు మీద నిలువుగా, అడ్డంగా చార్లు. 1886లో ప్రదర్శనకు పెడితే జనం ఎగతాళి చేశారు, పత్రికలు దుమ్మెత్తిపోశాయి, పూర్తికాని బొమ్మను తెచ్చి తగిలించాడని. ఆయన మానలేదు. అదే దృశ్యాన్ని దాదాపు నలభై ఏళ్లలో మొత్తం ఆరుసార్లు నూనె రంగుల్లో వేశాడు. చివరిసారి వేసేనాటికి ఆయనకు అరవై దాటాయి, అక్కకు మాత్రం పదిహేనే.

మీకు ఎనిమిది నెలలు. ఒక్క బొమ్మ వేశారు. తొందరేముంది?

మీ బురద విషయంలో నాకు స్వానుభవం ఉంది. 1990ల్లో మేం జయనగర్‌లో అద్దెకుండేవాళ్లం. ఖాళీ చేసేటప్పుడు ఇంటి ఓనరు పది నెలల అడ్వాన్సులోంచి ఒక నెల అద్దె కోసేశాడు. ఎందుకంటే 'పెయింటింగ్ చార్జీలు'. గోడలకు మేకులు కొట్టానట. కొట్టాను, నా బొమ్మలు తగిలించడానికే. నేను పెయింటర్నని ఆయనకు తెలుసు, ఆ మాట పలికేటప్పుడు కొంచెం నవ్వాడు కూడా. ఆ రాత్రి కొత్తింట్లో, విప్పని అట్టపెట్టెల మధ్య కూర్చుని పెద్ద కాన్వాసు మీద ఉన్న ట్యూబులన్నీ పిండాను. చేత్తో పూశాను, కత్తితో లాగాను. మంచి ఊపు మీద ఉన్నాను, కోపమంతా దిగిపోయినట్టే అనిపించింది. పొద్దున లేచి చూస్తే పప్పు మాడిన చట్టి అడుగు. కోపమన్నది ఎక్కడా లేదు. నా ఒంట్లోంచి దిగిందేమో గానీ బొమ్మలోకి ఎక్కలేదు.

మూడు నెలల తర్వాత ఇంకోటి వేశాను, చిన్న అట్ట మీద. బూడిద రంగు గోడ. మధ్యలో మేకు పీకేసిన చిల్లి, దాని చుట్టూ వేలి గోరంత ఎరుపు. దాన్ని చూసి మా ఇంటికి పాలు తెచ్చే ఆమె అడిగింది, "ఎవరి మీదమ్మా అంత కోపం?" కన్నడంలో అడిగింది లెండి. అంతకు మించిన సమీక్ష నాకు ఇంతవరకూ రాలేదు.

ఇప్పుడు మీ కాన్వాసు దగ్గరికి రండి. బురద ఎందుకొస్తుందంటే, రంగు పొడి దేనికదే వెలుతురులో కొంత భాగం మింగేసి మిగిలింది మన కంటికి పంపుతుంది. పసుపూ నీలమూ కలిస్తే రెండూ మింగగా మిగిలింది ఆకుపచ్చ. అందులో ఎరుపు పడిందా, ఆ మిగిలిందీ పోతుంది. మూడూ తడిమీద కలిస్తే మట్టి రంగే. అది మీ మనసులో గందరగోళానికి గుర్తు కాదు, కడగని బ్రష్షుకు గుర్తు. మీరు వాడేది యాక్రిలిక్ అని ఫోటోల్లో మెరుపు చూస్తే తెలుస్తోంది. మన బెంగళూరు ఎండలో పల్చటి పూత పావుగంటలో ఆరిపోతుంది. ఒక పూత వేసి టీ పెట్టుకోండి, తాగి వచ్చి రెండోది వేయండి. ఆరిన రంగు మీద వేసిన రంగు దానిలో కలవదు. నీళ్లు రెండు డబ్బాల్లో పెట్టుకోండి, ఒకటి మురికి వదలడానికి, ఒకటి కడగడానికి. బ్రష్షు తుడవడానికి పాత కాటన్ చీర ముక్కను మించింది లేదు.

పన్నెండు ట్యూబుల పెట్టెను అటక మీద పెట్టండి. నెలపాటు మూడు రంగులు, తెలుపు. అల్ట్రామెరీన్ నీలం, క్రిమ్సన్ ఎరుపు, లెమన్ పసుపు, అంతే. నల్ల ట్యూబు ముట్టొద్దు, ముదురు కావాలంటే నీలంలో క్రిమ్సన్ కలపండి. ఈ నీలం కొంచెం ఎరుపు వైపు మొగ్గుతుంది కాబట్టి పసుపుతో కలిస్తే చిలకపచ్చ రాదు, కాస్త మాగిన చింతాకు పచ్చ వస్తుంది. మీకు కావలసింది అదే.

ఎందుకంటే మీ అమ్మ ముఖంలో మీరు వాడింది ట్యూబులోంచి నేరుగా తీసిన ఆకుపచ్చ, లేత చేయడానికి దానిలో తెలుపు కలిపారు. అక్కడే దయ్యం పుట్టింది. తెలుపు రంగును లేత చేస్తుంది గానీ చల్లబరుస్తుంది, సున్నం పూసినట్టు చేస్తుంది. ముఖానికి వెలుతురు కావాల్సిన చోట, నుదురు మీద, చెంప ఎముక మీద, తెలుపు బదులు పసుపు పెంచండి. నీడ చోట్ల నీలం పెంచండి. రెండోది, ఆ ఆకుపచ్చ బొమ్మ మొత్తంలో ముఖంలో తప్ప ఎక్కడా లేదు. చుట్టాల్లేని పెళ్లికొడుకులా ఒంటరిగా నిలబడింది. అదే రంగును చీర అంచులో ఒక గీతగా, వెనక గోడలో పల్చగా, మెడ కింద నీడలో ఇంకొంచెం పెట్టండి. అప్పుడు ముఖం ఆ వెలుతుర్లో కూర్చున్నట్టు ఉంటుంది, ముఖానికే ఏదో అయినట్టు ఉండదు.

మూడోది బొట్టు. మీరు బొట్టు మెరూన్‌లో పెట్టారు, చిన్నగా, మర్యాదగా. క్రిమ్సన్‌లో కొంచెం లెమన్ పసుపు కలిపి మంచి ఎరుపు చేసి పెట్టి చూడండి. ఆకుపచ్చ పక్కన ఎరుపు రెండింతలు మండుతుంది, ఎరుపు పక్కన ఆకుపచ్చ కూడా అంతే. పారిస్‌లో తివాచీలు, తెరలు నేసే సర్కారు కార్ఖానాలో షెవ్రెయి అనే రసాయన శాస్త్రవేత్త దీన్ని పట్టుకున్నాడు. నల్లదారం నలుపు తేలడం లేదని ఫిర్యాదు వస్తే అద్దకంలో దోషముందేమోనని వెతికాడు, అద్దకం బాగానే ఉంది. పక్కనున్న రంగు ఆ నలుపును తినేస్తోంది. 1839లో దాని మీద పెద్ద గ్రంథమే అచ్చువేశాడు. ధర్మవరంలో పడుగు ఒక రంగు, పేక ఒక రంగు పెట్టి నెమలికంఠం నేసేవాళ్లకు ఈ సంగతి చెబితే నవ్వుతారనుకోండి. వాన్ గోహ్ 1888లో రాత్రిపూట తెరిచి ఉండే ఒక కాఫీహోటల్ వేసి, మనుషుల భయంకరమైన ఉద్వేగాలను ఎరుపు, ఆకుపచ్చలతో చెప్పబోయానని తమ్ముడికి రాశాడు. అందులో మనుషులు నిద్రమత్తులో జోగుతుంటారు. గోడలూ పైకప్పే కొట్లాడుకుంటాయి.

ఆపరేషన్ గదుల్లో ఆకుపచ్చ గుడ్డలు వచ్చిందీ ఈ జంట వల్లే అంటే ఆశ్చర్యంగా ఉంటుంది. వెనకటికి డాక్టర్లు తెల్లబట్టలే కట్టేవాళ్లు. చాలాసేపు రక్తం ఎరుపు చూసి తల తిప్పితే తెల్లగుడ్డ మీద ఆకుపచ్చ నీడలు ఆడతాయి, కళ్లు చెదురుతాయి. గుడ్డే ఆకుపచ్చదైతే ఆ నీడ అందులో కలిసిపోతుంది. మీరూ చేసి చూడండి, ఎర్ర బొట్టుబిళ్ల ఒకటి తెల్లకాగితం మీద అంటించి అరనిమిషం రెప్పవేయకుండా చూసి పక్కనున్న తెలుపు వైపు చూపు తిప్పండి. మీ ఆడబిడ్డ చెప్పిన ఆకుపచ్చ దయ్యం అదే.

ఇన్ని చెప్పి ఒక మాట దాచలేను. ఆ పటాన్ని సరిదిద్దమని నేననడం లేదు. దాన్ని అలాగే ఉంచి ఇంకోటి వేయండి. ఆసుపత్రిలో పది రోజులు మీ అమ్మ ఆకుపచ్చ వెలుతుర్లో ఉంది. అంతకుముందు ఎన్నో ఏళ్లు ఇంకో రంగులో ఉంది కదా. శుక్రవారం పొద్దున పసుపు రాసుకుని, తడి జుట్టు ముడేసుకుని, పెరట్లోంచి వంటింట్లోకి వచ్చే అమ్మ ముఖం మీకు గుర్తులేదా? మా అమ్మకైతే చెవుల వెనక, మెడ మడతల్లో మధ్యాహ్నం దాకా పసుపు ఉండేది. నన్ను ఎత్తుకున్న రోజు నా గౌను భుజం మీదా ఉండేది. జర్మన్లు కష్టపడి కనిపెట్టిన పసుపు ముఖం మన ఇళ్లల్లో వారం వారం తయారయ్యేది.

పైగా మన భాషను చూడండి. పసుపూ పచ్చే, ఆకూ పచ్చే. పచ్చని ముఖమంటే ఏ పచ్చ? ఇంగ్లీషువాడు రెండు మాటలు వెతుక్కోవాలి, మనకు రెండూ ఒకే కొమ్మ. మీరు వేసింది ఆకుపచ్చ అమ్మ. ఇంకా పసుపుపచ్చ అమ్మ మిగిలి ఉంది. చింతాకు పచ్చ నుంచి మొదలుపెట్టి నీలం కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, పసుపు పెంచుతూ పోండి. మధ్యలో ఎక్కడో ఒక చోట చెయ్యి ఆగుతుంది. అక్కడ ఆపండి. ఆ బొమ్మకు మాత్రం కాన్వాసు తెల్లగా వదలకండి, ముందే పల్చటి క్రిమ్సన్ నీళ్లు పూసి ఆరనివ్వండి. మన చేర్యాల పటాల్లో బొమ్మల వెనక ఎర్ర నేల ఉంటుందే, అలా. పసుపు ముఖం దాని మీద వెలుగుతుంది.

'నాకంటూ ఒక తీరు లేదా' అన్నారు. ఉంది, ఫోటోల్లోనే ఉంది, మీరు చూసుకోలేదు. ఐదింటినీ నేలమీద పరిచి బీరువా మీదికి... వద్దులెండి, కుర్చీ ఎక్కి పైనుంచి చూడండి. ట్రాఫిక్ బొమ్మలో బస్సు, బాల్కనీలో తులసి కుండీ, వాచ్‌మన్, పూల బండి, అమ్మ. అన్నింట్లోనూ గీత ఎక్కడ మొదలైందో తిరిగి అక్కడికే వచ్చి మూసుకుంటోంది. తెగదు. వంపు తిరిగే చోట లావెక్కుతుంది. అది ముగ్గు వేసే చెయ్యి. చుక్క చుట్టూ తిప్పి తిప్పి అలవాటైన మణికట్టు. క్లాసులో చేరాక ఆ గీతను దాచడానికి మీరు పడ్డ తంటాలు కూడా కనిపిస్తున్నాయి, పూల బండి బొమ్మలో అంచులన్నీ అలికేశారు. ఎందుకు? ఆ డ్రెస్డెన్ కుర్రాళ్లకు లావు నల్లగీత చెక్క చెక్కడంలోంచి వచ్చింది. మీకు వాకిట్లోంచి వచ్చింది. దాన్ని ఉంచండి.

వాళ్లు చేసిన ఇంకో పని మీకు పనికొస్తుంది. ఎదుట మనిషిని పావుగంట మాత్రమే కూర్చోబెట్టి గీసేవాళ్లు. పావుగంట కాగానే ఆ మనిషి భంగిమ మార్చాలి, వీళ్లు కొత్త కాగితం తీయాలి. తప్పు దిద్దుకునే టైముండదు, అందంగా చేయాలన్న యావ ఉండదు. మీ గేటు బయట ఇస్త్రీ బండి ఉందా? ఫోన్లో పావుగంట పెట్టుకుని ఆయిల్ పేస్టల్స్‌తో గీయండి. ఒక రోజు ఇస్త్రీ పెట్టెలోని నిప్పుల రంగుతో మనిషిని, ఇంకో రోజు మనిషి నీడ రంగుతో చొక్కాలను. సాయంత్రం ఆరున్నరకు ఔటర్ రింగ్ రోడ్డును ఎరుపు అస్సలు వాడకుండా వేసి చూడండి. బ్రేకు లైట్లు లేని ఆ రోడ్డు మీద మీ విసుగు ఏ రంగులో ఉందో తేలుతుంది. ఫిబ్రవరి, మార్చిలో గులాబీ రంగు టబుబియాలు పూసినప్పుడు మాత్రం చెట్ల కిందికి వెళ్లకండి. ఊరు ఊరంతా వాటినే వేస్తుంది.

ఒక మంగళవారమో బుధవారమో ప్యాలెస్ రోడ్డులో మాణిక్యవేలు మాన్షన్‌కు వెళ్లి రండి, నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడ్రన్ ఆర్ట్ అక్కడే ఉంది. సోమవారం సెలవు. ఫోన్లో చూసే బొమ్మకూ గోడ మీది బొమ్మకూ తేడా తెలియాలి, రంగు ఎక్కడ దళసరిగా ఉంది, ఎక్కడ గుడ్డ కనిపిస్తోంది. దగ్గరికెళ్లి ముక్కు ఆనించేలా చూడండి, గార్డు కసిరితే ఒకడుగు వెనక్కి రండి. 43 ఏళ్లకు మొదలుపెట్టానని బెంగ ఉంటే, రవీంద్రనాథ్ ఠాగూరు గట్టిగా బొమ్మలు వేయడం మొదలుపెట్టింది అరవైల్లో. మొదటి ప్రదర్శన 1930లో పారిస్‌లో, అప్పటికి డెబ్బైకి దగ్గరపడ్డారు. రాతప్రతుల్లో కొట్టివేతలను కలుపుకుంటూ పోతే జంతువులు, ముఖాలు తయారయ్యాయి.

మీ ఆయన సంగతి. పటం బెడ్‌రూములోకి మార్చారని మీరు నొచ్చుకున్నట్టు అర్థమైంది. తీసి బీరువా వెనక పెట్టలేదు కదా, లోపల తగిలించారు. ఆ పది రోజుల్లో టిఫిన్ క్యారియర్ పట్టుకుని ఆ కర్టెన్ పక్కకు ఆయనా వచ్చే ఉంటారు. మీకు కనిపించిన ఆకుపచ్చ ఆయనకూ కనిపించిందేమో, వచ్చేపోయేవాళ్ల నోళ్లలో పడటం ఇష్టం లేకపోయిందేమో. అడగండి. రంగు గురించి కాకుండా కర్టెన్ గురించి అడగండి.

ఇంటికి వచ్చినవాళ్ల ఎగతాళికి జడిస్తే ఈ దారిలో నడవడం కష్టం. 1937లో నాజీలు మ్యూనిక్‌లో ఈ చిత్రకారుల బొమ్మలు ఆరొందలకు పైగా పోగేసి, వంకరటింకరగా తగిలించి, గోడల మీద వెక్కిరింపులు రాసి, జనాన్ని నవ్వడానికే పిలిచారు. 20 లక్షల మందికి పైగా వచ్చి చూశారు. కిర్క్‌నర్ బొమ్మలు ఆరు వందలకు పైగా మ్యూజియంల నుంచి పీకేశారు, ఆ మరుసటేడు ఆయన ప్రాణం తీసుకున్నాడు. ఆ బొమ్మల్లో మిగిలినవాటిని ఇవాళ అవే మ్యూజియంలు వెతికి కొనుక్కుంటున్నాయి. మీ హాల్లో ఒక ఆడబిడ్డ ఒక్క మాటంది, పోనిద్దురూ.

చిత్రసంతెకు పెట్టండి. జనవరిలో ఒక ఆదివారం కుమారకృపా రోడ్డు పొడవునా చిత్రకారులు బొమ్మలు పరుచుకుని కూర్చుంటారు, వందల రూపాయల నుంచి లక్షల దాకా ధరలుంటాయి. దరఖాస్తు ముందే పెట్టుకోవాలి, చిత్రకళా పరిషత్‌లో కనుక్కోండి. గొడుగు, మంచినీళ్లు, చిల్లర, ఇస్త్రీ బండి బొమ్మలు ఓ పది తీసుకెళ్లండి. చిన్నవే పోతాయి. బేరమాడతారు, సెల్ఫీలు దిగుతారు, "ఇది మా పాప కూడా వేస్తుంది" అని ఒకాయన తప్పకుండా అంటాడు. ఆయనకు ఆయిల్ పేస్టల్ ఒకటి చేతికిచ్చి కాగితం ముందు పెట్టండి, నేనొకసారి చేశాను, మంచి కాలక్షేపం. అమ్మ బొమ్మలు మాత్రం తీసుకెళ్లొద్దు, రెండూ. పక్కపక్కనే తగిలించి కొన్నాళ్లు ఇంట్లో ఉండనివ్వండి.

వార్నిష్ గురించి అడగలేదు గానీ చెబుతున్నాను. ముసురు పట్టిన రోజుల్లో వేయకండి, తేమకు పాలిపోయి మబ్బు పట్టినట్టవుతుంది. పసుపు బొమ్మ బాగా ఆరాక, ఎండ కాసే రోజు చూసి వేయండి. ఈలోపు కర్టెన్ రంగు నాకు రాసి పంపండి.